‘ఐదారు రోజులు’ అంటే ఎన్ని రోజులు?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే ఏ షెడ్డుకైనా వెళ్లి, "బండి ఎప్పటికవుతుంది?" అని అడిగి చూడండి. "పదకొండో రోజు సాయంత్రం నాలుగున్నరకి" అనే మేస్త్రీ ఎక్కడా దొరకడు. "బాడీకి పది పన్నెండు రోజులు పడుద్దండి. ముసురు పట్టిందంటే మాత్రం పెయింటు దగ్గర ఆగుద్ది" అంటాడు. అడిగినవాడికి ఆ జవాబు చాలు. దాన్నిబట్టే డ్రైవరును కుదుర్చుకుంటాడు, కిరాయి మాట్లాడుకుంటాడు.

తెలుగులో ఇలాంటి జంట అంకెలకు కొదవ లేదు. రెండుమూడు, నాలుగైదు, ఐదారు, పదీపదిహేను. "ఐదారు రోజులు" అన్నవాడు ఐదో రోజున ఇచ్చినా ఆరో రోజున ఇచ్చినా మాట నిలబెట్టుకున్నట్టే. నాలుగో రోజే ఇస్తే ఆశ్చర్యపోతాం. ఏడో రోజున ఇస్తే కాస్త విసుక్కుంటాం గానీ మాట తప్పాడని అనలేం. తొమ్మిదో రోజున ఇస్తే గొడవే. ఎవరూ నేర్పకుండానే ఇంత సూక్ష్మమైన కొలత మనందరి బుర్రల్లోనూ ఉంది.

అదే మాట షెడ్డులోంచి ఆఫీసు గదిలోకి వెళ్లగానే చిక్కు మొదలవుతుంది. ఏ పని తర్వాత ఏ పని, ఏ యంత్రం మీద, ఏ రోజున అని లెక్కగట్టే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో ఒక్కో పనికీ ఒక్కటే గడి ఉంటుంది. అందులో ఒక్క అంకె వేయాలి. పదికీ పన్నెండుకీ మధ్య కదా అని గుమాస్తా 11 కొడతాడు. మేస్త్రీ మాటలోని ముసురు ఆ గడిలో పట్టదు. పట్టనిది పోతుంది. ఆ తర్వాత కంప్యూటరు చేసే లెక్కలన్నీ తప్పులేనివే, కానీ అవన్నీ మేస్త్రీ అనని మాట మీద కట్టినవి.

ఆ మాటను చెక్కకుండా, సాగదీయకుండా, ఉన్నది ఉన్నట్టుగా లెక్కలోకి తీసుకోవచ్చునని చూపించినవాడు లోత్ఫీ జాదే. 1921లో అజర్‌బైజాన్‌లోని బాకూలో పుట్టాడు. తండ్రి ఇరాన్‌కు చెందిన పాత్రికేయుడు, తల్లి పిల్లల డాక్టరు. టెహరాన్‌లో చదువుకుని, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా చేరి, 1959 నుంచి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అప్పటికే కంట్రోల్ సిస్టమ్స్ గణితంలో పెద్ద పేరు. అంత కచ్చితమైన గణితం చేసిన మనిషే 1965లో ‘ఫజ్జీ సెట్స్’ అనే పరిశోధన పత్రం రాశాడు. పొడుగు మనుషులు అనే గుంపులో ఎవరుంటారు? ఆరడుగులవాడు ఉంటాడు, సరే. ఐదడుగుల తొమ్మిది అంగుళాలవాడి మాటేమిటి? పాత గణితంలో లోపలా బయటా అని రెండే జవాబులు. జాదే మాత్రం సున్నాకీ ఒకటికీ మధ్య ఎంతైనా ఉండవచ్చన్నాడు. ఒకడు ఆ గుంపులో 0.7 మేరకు ఉండవచ్చు, మరొకడు 0.3 మేరకు.

మన పుస్తకాల్లో దీనికి ‘అస్పష్ట తర్కం’ అనీ ‘మసక తర్కం’ అనీ పేర్లున్నాయి. నాకు రెండోది నచ్చుతుంది గానీ రెండింటిలోనూ ఒక చిన్న మోసం ఉంది. ఇక్కడ మసక తర్కానిది కాదు, లోకానిది. ఆ మసకను పట్టే లెక్క మాత్రం మామూలు కూడికలూ తీసివేతలంత శుభ్రంగా ఉంటుంది. వాషింగ్ మెషీన్ల మీద ‘ఫజ్జీ లాజిక్’ అని స్టిక్కర్ చూసి అదేదో బట్టలు ఉతికే మంత్రమనుకున్న తరం మాది. అదీ ఈ గణితమే, బట్టల బరువుకూ మురికికీ తగ్గట్టు నీళ్లనూ సమయాన్నీ సర్దడానికి.

ఇది సంభావ్యతే కదా, కొత్తేముంది అని వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. రేపు వాన పడుతుందా అన్నది సంభావ్యత. రేపు గడిచిపోతే ఆ సందేహమూ తీరిపోతుంది. కిటికీలోంచి చూస్తూ ఇది వానా, తుంపరా అని అడిగితే అది వేరే ప్రశ్న. ఎంతసేపు చూసినా ఆ సందేహం తీరదు. తుంపర, జల్లు, ముసురు, కుండపోత ఒకదాంట్లోంచి ఒకటి జారుకుంటూ పోతాయి. వాటి మధ్య గీత గీసేది మనమే. జాదే 1978లో ఈ ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ‘సాధ్యత’ అనే కొలత ప్రతిపాదించాడు. పన్నెండో రోజున బాడీ పూర్తయ్యే అవకాశం నూటికి ఎంత అన్నది సంభావ్యత అడిగే ప్రశ్న. దానికి పాత రికార్డులు కావాలి. పన్నెండో రోజున పూర్తికావడం ఎంతమేరకు వీలు అన్నది సాధ్యత అడిగేది. దానికి మేస్త్రీ అనుభవం చాలు. ఒకే బోల్టును ఏడాదికి లక్షల సంఖ్యలో చేసే ఫ్యాక్టరీకి రికార్డులుంటాయి, అక్కడ సంభావ్యతే మంచి సాధనం. ప్రతి బండికీ వేరే కొలతలు, వేరే చెక్క, వేరే ఓనరు ఉండే షెడ్డుకు రికార్డు అంటే మేస్త్రీ తలకాయే.

ఇప్పుడు ఒక బండిని లెక్కలోకి దించుదాం. షెడ్డు ఊహలోది, అంకెలు నావి. దసరాకి ఆయుధపూజ చేయించాలని ఒక ఓనరు పది టైర్ల లారీ చాసీని తెచ్చి దింపాడు. మూడు పనులు: బాడీ, పెయింటు, వైరింగు. ఒక్కోదానికీ మేస్త్రీని ఒకటి కాదు, మూడు అంకెలు అడుగుతాం. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు? మామూలుగా అయితే ఎన్ని? ఎంత చెడ్డా ఎన్ని? బాడీకి 10, 11, 12 అన్నాడు. వైరింగుకు "రెండు రోజులండి, అందులో సందేహం లేదు" అన్నాడు. అంటే 2, 2, 2. కచ్చితమైన అంకె కూడా ఈ పద్ధతిలో ఇమిడిపోతుంది. దాని మూడు కొసలూ ఒకేచోట ఉంటాయి, అంతే.

పెయింటుకు రెండు దారులు. సొంత ఆవరణలో ఆరుబయట వేస్తే 4, 5, 14. ఎండ కాస్తే నాలుగైదు రోజుల్లో లప్పం, ప్రైమరు, రంగు అన్నీ అయిపోతాయి. ముసురు పట్టిందా, గాల్లో తేమకి పూత ఆరదు, ఆరనిదాని మీద ఇంకో పూత వేస్తే పొక్కులు లేస్తాయి. మధ్యలో వాయుగుండం ఏర్పడితే రెండు వారాలు. రెండో దారి, పక్క షెడ్డువాళ్ల పెయింటు బూత్‌. పైకప్పు ఉంది, వేడి గాలి ఉంది, కానీ వంతు కోసం ఆగాలి. ఆగడంతో కలిపి 6, 7, 8.

ఈ మూడేసి అంకెల్ని కాగితం మీద గీస్తే త్రిభుజం వస్తుంది. అడుగున రోజులు, నిలువుగా వీలు. మామూలు అంకె దగ్గర శిఖరం, వీలు 1. రెండు కొసల దగ్గర సున్నా. కూడిక చాలా తేలిక. కొసకు కొస, శిఖరానికి శిఖరం కూడితే చాలు. ఆరుబయట పెయింటు దారిలో మొత్తం 16, 18, 28 రోజులు. బూత్ దారిలో 18, 20, 22.

శిఖరాలు మాత్రమే చూసే గుమాస్తా ఆరుబయట దారినే ఎంచుకుంటాడు. 18 అంటే 20 కన్నా తక్కువే కదా. మేస్త్రీ మాత్రం గొణుగుతాడు. ఎందుకు గొణుగుతున్నాడో చెప్పమంటే చెప్పలేకపోవచ్చు గానీ, అతని గొణుగుడుకు అర్థం 28లో ఉంది.

ఆ గొణుగుడుకు అంకె కట్టవచ్చు. దానికి గడువును కూడా త్రిభుజం లాంటి ఆకారంగా గీయాలి. పండగ ఇరవైరెండో రోజున అనుకుందాం. 20వ రోజులోపు బండి చేతికొస్తే ఓనరు సంతృప్తి 1. అక్కడినుంచి తగ్గుతూ తగ్గుతూ 24వ రోజుకు సున్నా. మొదట నేను పండగ రోజు దగ్గర నిట్టనిలువుగా కూలిపోయే గీత గీశాను. కానీ నంబరు ప్లేటు, నిమ్మకాయలు, గుడికి వెళ్లిరావడం అన్నీ చూసుకునే ఓనరు పండగ ముందురోజు బండి ఇస్తే ఏమంత సంతోషించడు. పండగ పోయాక వచ్చినా ఎలాగోలా సర్దుకునేవాడూ ఉంటాడు. గీత ఆకారం ఆ మనిషిని బట్టి ఉంటుంది. గడువులను ఇలా ఏటవాలు గీతలుగా రాసే పద్ధతి 1990ల మొదటినుంచి షెడ్యూలింగ్ పరిశోధనల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు పని త్రిభుజాన్ని గడువు గీత కింద పెట్టి, త్రిభుజంలో ఎంత భాగం గీత లోపల ఇమిడిందో చూడాలి. ఆ భాగాన్నే సమ్మతి అందాం. బూత్ దారి మొత్తం ఇమిడిపోతుంది. సమ్మతి 1. ఆరుబయట దారిలో త్రిభుజం విస్తీర్ణం 6, గీత లోపల ఇమిడింది 4.67. అంటే సమ్మతి 0.78. రెండు రోజులు ముందే అవుతుందని ఆశపెట్టిన దారి కన్నా, రెండు రోజులు ఆలస్యంగా కనిపించిన దారే ఓనరు మాటకు దగ్గరగా ఉంది. ఒక్క అంకె గడిలో ఈ సంగతి ఎన్నటికీ కనిపించదు.

ఒక్క బండికే ఇంత. అసలు చిక్కు నాలుగు బండ్లు ఒకే పెయింటరు కోసం వరసలో నిలబడినప్పుడు వస్తుంది. బాడీ అయిపోయినా పెయింటరు ఖాళీ అవ్వాలి. పెయింటరు ఖాళీగా ఉన్నా బాడీ అవ్వాలి. రెండింటిలో ఏది ఆలస్యమైతే పని అప్పుడే మొదలు. బాడీ 10, 11, 12 రోజుల్లో అయ్యేదనుకోండి, పెయింటరు 8, 11, 16 రోజుల్లో ఖాళీ అయ్యేవాడనుకోండి. పెయింటింగు మొదలయ్యేది 10, 11, 16కి. గమనించారా? పెయింటరు ఎనిమిదో రోజుకే ఖాళీ అయితే వచ్చే లాభం గాలికి పోయింది. పదహారో రోజుదాకా రాకపోతే వచ్చే నష్టం మాత్రం చెక్కుచెదరకుండా తర్వాతి పనికి చేరింది. ముందు పూర్తయిన పని తన లాభాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఆలస్యమైన పని తన నష్టాన్ని అందరికీ పంచుతుంది. శిఖరాలను మాత్రమే కూడి వేసిన షెడ్యూళ్లు ఎందుకు ఎప్పుడూ వెనకబడతాయో, మేనేజర్లు ఎందుకు ఎప్పుడూ కార్మికుల బద్ధకం మీదికి నెట్టేస్తారో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది.

మసక లేకుండానే షెడ్యూలింగ్ చాలా కష్టమైన లెక్క. రెండే రెండు యంత్రాలుంటే 1954లో ఎస్.ఎం. జాన్సన్ చెప్పిన చిన్న సూత్రంతో అన్నిటికన్నా మంచి వరస చేత్తోనే రాసేయవచ్చు. యంత్రాలు పెరిగితే ఆ సుఖం పోతుంది. 1963లో ఫిషర్, థాంప్సన్ ఒక లెక్క ప్రచురించారు. పది జాబులు, పది యంత్రాలు, ఏ జాబు ఏ యంత్రం మీద ఎంతసేపో రాసి ఉంది, అందరికన్నా ముందు మొత్తం ముగిసే వరస చెప్పాలి. కాగితం మీద రాయగలిగిన వరసలు దాదాపు 4 పక్కన 65 సున్నాలు. అందులో చాలావరకు అసలు నడవనివే అయినా, మిగిలినవే కొండంత. 930 అన్నదే అతి తక్కువ కాలమని కార్లియే, పిన్‌సన్ అనే ఫ్రెంచి పరిశోధకులు నిరూపించేసరికి 1989 వచ్చింది. పట్టుమని వంద పనులున్న లెక్కకు ఇరవైఆరేళ్లు.

దానికి మసక చేరిస్తే ఇంకో ఇబ్బంది. 930 గొప్పదా 931 గొప్పదా అన్నదానికి తగువు లేదు. కానీ 16, 18, 28 చిన్నదా, 18, 20, 22 చిన్నదా? ఏదో ఒక తూకం ఒప్పుకోవాలి. ఎక్కువమంది వాడేది శిఖరానికి రెట్టింపు బరువిచ్చి నాలుగుతో భాగించడం. ఆ ప్రకారం మొదటిదానికి 20, రెండోదానికీ 20. సమానం! నేను ఈ అంకెలు కావాలని ఇలా ఎంచుకోలేదు, లెక్క వేశాక చూసుకుని నవ్వుకున్నాను. సమానమైనప్పుడు ముందు శిఖరాలను, అదీ తేలకపోతే వెడల్పును చూడాలని ఆ పద్ధతి చెబుతుంది. అలా చూస్తే ఆరుబయట దారే గెలుస్తుంది, గడువు గీత చెప్పినదానికి ఎదురుగా. ఏ తూకం వాడాలన్నది గణితం తేల్చే విషయం కాదు, ఓనరుకు తొందర ముఖ్యమా, భరోసా ముఖ్యమా అన్నదాన్ని బట్టి మనిషే తేల్చాలి.

అన్ని వరసలూ వెతకడం అసాధ్యం కాబట్టి పరిశోధకులు ప్రకృతి దగ్గర అప్పు తెచ్చుకున్నారు. జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన మసతోషి సకావా తన సహచరులతో 1999, 2000 సంవత్సరాల్లో ప్రచురించిన పత్రాలు ఈ రంగంలో మైలురాళ్లు. పని సమయాలు త్రిభుజాలు, గడువులు ఏటవాలు గీతలు. కొన్ని షెడ్యూళ్లను యాదృచ్ఛికంగా పుట్టిస్తారు. సమ్మతి ఎక్కువున్నవాటిని జతకట్టించి పిల్లల్ని పుట్టిస్తారు. తక్కువున్నవి రాలిపోతాయి. కొన్ని వందల తరాలయ్యేసరికి అన్నిటికన్నా గొప్పది కాకపోయినా పనికొచ్చేంత గొప్పది చేతిలో ఉంటుంది. పాడిరైతు మంచి గేదెల వంశం నిలబెట్టే పద్ధతీ ఇదే.

ఇది ప్రణాళిక సంగతి. షాపులో అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయాలకు ఇంకో దారి ఉంది, అది మాటలతోనే నడుస్తుంది. ‘గడువు దగ్గరపడి, మిగిలిన పని ఎక్కువుంటే, ఈ జాబును ముందు ఎక్కించు’ అనే నియమాలు. దగ్గర, ఎక్కువ, ముందు అన్న మాటలకు అర్థం గీతల్లో ఉంటుంది. 1970ల మధ్యలో లండన్‌లో ఇబ్రహీం మమ్‌దానీ, ఆయన విద్యార్థి అసిలియన్ ఇలాంటి నియమాలతో ఒక చిన్న ఆవిరి యంత్రాన్ని నడిపి చూపించారు. ఆ దశాబ్దం చివరికి ఈ పద్ధతి డెన్మార్క్‌లో సిమెంటు కొలిమి దాకా వెళ్లింది. సిమెంటు కొలిమిని పుస్తకంలోని సమీకరణంతో నడపడం చాలా కష్టం. లోపలి మంట రంగు, క్లింకరు తీరు చూసి ఆపరేటర్లే సర్దుతుంటారు. మన పల్నాడులోనో నల్లగొండలోనో కొలిమి దగ్గర నిలబడ్డవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఆపరేటర్ల మాటలనే నియమాలుగా రాసి యంత్రానికి ఇచ్చారు. 1987లో జపాన్‌లోని సెండాయ్ మెట్రో రైలు కూడా ఇదే పద్ధతిలో కుదుపు లేకుండా ఆగడం నేర్చుకుంది.

అందరూ చప్పట్లు కొట్టలేదు. కంట్రోల్ సిద్ధాంతంలో జాదేకు దీటైన రుడాల్ఫ్ కాల్మన్ 1972లోనే దీన్ని బాహాటంగా విమర్శించాడు, లోకం తీరుకు సరిపెట్టుకోవడమే తప్ప ఇందులో శాస్త్రం లేదన్న ధోరణిలో. సంభావ్యతావాదులు తమ దగ్గర లేనిదేదీ ఇందులో లేదన్నారు. వాళ్ల మాటల్లో ఒకదాన్ని నేను తీసిపారేయలేను. కొసకు కొస కూడడం అంటే చెడ్డ రోజులన్నీ ఒకేసారి వస్తాయనుకోవడం. పది పనులు, ఒక్కోటి రెండు రోజులు ఆలస్యమయ్యేవైతే, ఈ లెక్కలో మొత్తం ఆలస్యం ఇరవై రోజులు. నిజంగా ఒకదానికొకటి సంబంధం లేని పనులైతే కొన్ని ఆలస్యమవుతాయి, కొన్ని ముందవుతాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతి కూడా ఇలాగే మూడు అంకెలే అడుగుతుంది, కానీ పనులకు సంబంధం లేదనుకుని ఆ కొట్టివేతను లెక్కలోకి తీసుకుంటుంది. మరి షెడ్డులో పనులకు సంబంధం లేదా? ముసురు పట్టిందంటే పెయింటూ ఆగుతుంది, చెక్కా ఉబ్బుతుంది, కరెంటూ పోతుంది, మనుషులూ రారు. అక్కడ చెడ్డ రోజులు కూడబలుక్కునే వస్తాయి. ఏ లెక్క సరైనదో తెలియాలంటే ముందు ఆకాశం చూడాలి.

ఇంకో బలహీనత మనుషులది. ముగ్గురు మేస్త్రీలను అడిగితే మూడు త్రిభుజాలు వస్తాయి. ఒక్క అంకె అడిగినప్పుడు, ఎలాగూ కోత పెడతారని మేస్త్రీ రెండు రోజులు కలిపే చెబుతాడు. మూడు అడిగితే ఆ దాపరికం అవసరం తగ్గుతుందని, ఎంత చెడ్డా అన్నచోట భయాన్ని, అన్నీ కలిసొస్తే అన్నచోట ఆశను విడివిడిగా పెట్టుకుంటాడని నా నమ్మకం. నమ్మకమే, నిరూపణ లేదు.

త్రిభుజాలు గోడమీద గీసి వదిలేసేవి కావు. రోజులు గడుస్తున్నకొద్దీ అవి సన్నబడతాయి. మన లారీ దగ్గరికే వెళ్దాం. పన్నెండో రోజు సాయంత్రం బాడీ పూర్తయింది. ఇక అది 10, 11, 12 కాదు, వట్టి 12. బూత్ దారిలో మొత్తం ఇప్పుడు 20, 21, 22. సమ్మతి 0.93కి పడిపోయింది. ఇంతలో పెయింటరు బయటికొచ్చి ఆకాశం వైపు చూశాడు. వాయుగుండం ఒడిశా వైపు మళ్లింది. పద్నాలుగు అన్న మేస్త్రీ ఇప్పుడు "నాలుగైదు రోజులండి, మహా అయితే వారం" అంటున్నాడు. ఆరుబయట దారి ఇప్పుడు 18, 19, 21. సమ్మతి 1. పొద్దున్నే బండి తోలుకొస్తామన్న మాట రద్దు చేసుకోవడానికి మేస్త్రీ పక్క షెడ్డుకి ఫోను కలుపుతున్నాడు.